ధాత కరువులో కూలి కొలత

1877 జనవరి 1న ఢిల్లీలో వైస్రాయి లిట్టన్ దర్బారు తీర్చాడు. విక్టోరియా రాణిని భారత చక్రవర్తినిగా చాటే వేడుక అది. అప్పటికి కర్నూలు, కడప, బళ్లారి సీమల్లో ధాత కరువు ముదిరిపోయింది. 1876లో నైరుతి వానలు మొహం చాటేశాయి, ఈశాన్యమూ ఆదుకోలేదు. ధాత నామ సంవత్సరంలో మొదలైన ఆ కరువు ఈశ్వర దాటేదాకా వదల్లేదు. 1871 జనాభా లెక్కల పక్కన 1881 లెక్కలు పెట్టి చూస్తే ఒక్క కర్నూలు జిల్లాలోనే దాదాపు నాలుగో వంతు మనుషులు లేరు. చచ్చినవాళ్లెందరో, ఊళ్లొదిలి తిరిగి రానివాళ్లెందరో ఆ పట్టికలు విడదీసి చెప్పవు. దేశం మొత్తం మీద 55 లక్షల మందైనా పోయారన్నది తక్కువలో తక్కువ అంచనా.

నన్ను ఈ కరువు దగ్గరికి తీసుకెళ్లింది నా ఉద్యోగం. నంద్యాల పక్క పల్లెల్లో ఉపాధి హామీ పనులు కొలిచేవాణ్ణి. గుంత పొడవు, వెడల్పు, లోతు టేపుతో కొలిచి, ఘనపు మీటర్లకు కూలి కట్టడం నా పని. ఎర్రనేలలో తవ్విన గుంతకూ, గడ్డపార దిగని గరుసునేలలో తవ్విన గుంతకూ ఎంత తేడా ఉంటుందో ఆ తవ్వేవాళ్ల చేతులు చూస్తే తెలుస్తుంది. "సారూ, కరువు పని ఎప్పుడు పెడ్తారు?" అని ముసలమ్మలు అడిగేవాళ్లు. మట్టి కొలిచి తిండి పెట్టే ఈ పద్ధతి ఎవరి కాలంలో ఎలా నడిచిందో తెలుసుకోవాలని పాత పుస్తకాలు వెతికాను. ధాత కరువులో కూలి కొలత తేల్చిన రిచర్డ్ టెంపుల్ అనే దొర ఎదురయ్యాడు.

టెంపుల్ కథలో నన్ను కలచివేసేది మద్రాసు కాదు, దానికి మూడేళ్ల ముందటి బీహారు. 1873-74లో అక్కడ పంటలు పోతే ఆయనే బర్మా నుంచి నాలుగున్నర లక్షల టన్నుల బియ్యం తెప్పించాడు. ఆకలి చావులు దాదాపు లేకుండా గట్టెక్కించాడు. శభాష్ అనవలసిన చోట లండన్‌లో తిట్లు పడ్డాయి. సర్కారు సొమ్ము నీళ్లలా పోశాడన్నారు, పని చేయకుండానే కడుపు నిండుతుందని జనానికి నేర్పాడన్నారు. ప్రాణాలు కాపాడినందుకు మాటపడ్డ మనిషిని 1877 జనవరిలో లిట్టన్ ఏరికోరి మన సీమ ఉన్న మద్రాసు ప్రెసిడెన్సీకి పంపాడు. ఖర్చు తగ్గించాలన్నది ఆజ్ఞ. ఆ మచ్చ తుడుచుకోవడానికి టెంపుల్ మన జనం తిండి కోశాడని నేను నమ్ముతున్నాను.

టెంపుల్ కట్టిన కూలి ఇది: మగ మనిషికి రోజుకు ఒక పౌండు ధాన్యం, పైన కొంచెం చిల్లర. ఆడవాళ్లకు, పనిచేసే పిల్లలకు ఇంకా తక్కువ. ఒక పౌండంటే మన లెక్కలో సుమారు 450 గ్రాములు. దానికోసం ఎండలో పొద్దంతా రాళ్లు కొట్టాలి, మట్టి మొయ్యాలి. దానికి తోడు దూరం పరీక్ష: పని ఇంటికి పది మైళ్ల అవతల ఉండాలి, శిబిరంలోనే పడుకోవాలి. నిజంగా ఆకలైనవాడే అంత దూరం నడిచొస్తాడని వాళ్ల తర్కం. అసలు ఆకలి ముదిరినవాడే నడవలేడు కదా. ఒళ్లో బిడ్డనూ, మంచాన పడ్డ అత్తనూ వదిలి ఏ కోడలు పది మైళ్లు పోగలదు?

బొంబాయి ప్రెసిడెన్సీలో కూలీలు ఈ కూలి మాకొద్దని వేలల్లో పనులొదిలి వెళ్లిపోయారు. పూనా సార్వజనిక సభ వాళ్ల పక్షాన అర్జీలు రాసింది. మద్రాసులో ఎదురు నిలిచినవాడు సర్కారు వైద్యుడే. శానిటరీ కమిషనర్ డబ్ల్యూ. ఆర్. కార్నిష్ మట్టిపని చేసే ఒంటికి ఒకటిన్నర పౌండ్లకు తగ్గకుండా ధాన్యం కావాలన్నాడు. పప్పూ కూరగాయలూ కూడా ఉండాలన్నాడు. వాదులాట తర్వాత కూలి ఒకటింబావు పౌండుకు పెరిగింది, కాస్త పప్పు చేరింది. ఇంత బతిమాలుడు జరుగుతుండగా 1877-78లో ఈ దేశం నుంచి ఇంగ్లండుకు 3 లక్షల టన్నుల పైచిలుకు గోధుమలు ఓడలెక్కాయి. మద్రాసు నుంచి కడప, గుత్తి మీదుగా పోయే రైలు అప్పటికే ఉంది. కానీ స్టేషన్లో దిగిన మూటలు ఊరు చేరాలంటే బండి కట్టాలి. ఎద్దులు మేత లేక ముందే చచ్చాయి. కొనడానికి చేతిలో డబ్బూ లేదు.

కోస్తాలో కరువు కూలీలతో బకింగ్‌హాం కాలువలో కొంత భాగం తవ్వించారు. మద్రాసు గవర్నరు పేరే దానికి పెట్టారు. ఆ పనుల్లో మాదిగలను మేస్త్రీలు వేధిస్తుంటే ఒంగోలు అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ మూడున్నర మైళ్ల ముక్కను తానే కాంట్రాక్టు పట్టి వాళ్లకు పని పెట్టాడు. తిండి కోసం మతం మారారన్న మాట రాకూడదని కరువు పనులు నడిచినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు. పని ముగిశాక, 1878 జూలైలో గుండ్లకమ్మ ఒడ్డున ఒక్క రోజే 2,222 మందికి ఇచ్చారు. ఆయన మతంతో నాకు పని లేదు. ఆకలిని బేరానికి పెట్టకూడదన్న ఆ నియమం మాత్రం గొప్పది. అంతకు పదేళ్ల పైన, 1866 కరువులో, మా సీమలోనే ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి గాదెలు తెరిచి అడిగినవారికల్లా అన్నం పెట్టాడు. విక్టోరియా రాణి బంగారు పతకం పంపింది. ఆయన్ను తలవని ఊరు మా పక్క లేదు. అయినా దాత ఉన్న ఊరికి నడవగలిగినవాడికే ఆ అన్నం, గాదె ఖాళీ అయ్యేదాకే.

రిచర్డ్ స్ట్రాచీ అధ్యక్షతన వేసిన కరువు కమిషన్ 1880లో నివేదిక ఇచ్చింది. దాని ఆధారంగా 1883లో కరువు నియమావళి తయారైంది. గుర్తులు కనిపించగానే పని తెరవాలి, ఒళ్లు సహకరించనివాళ్లకు ఊరికే తిండి పెట్టాలి. అదీ సర్కారు దయగానే ఉండిపోయింది. హక్కుగా మారింది 2005 ఉపాధి హామీ చట్టంతో. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఆ పథకం మొదలైంది. ఆ చట్టం ప్రకారం అడిగిన పదిహేను రోజుల్లో పని, లేకపోతే భృతి. ఆడా మగా ఒకే రేటు. పని చోట నీడ, నీళ్లు, పసిపిల్లలకు ఆయా. పని ఊరికి ఐదు కిలోమీటర్ల లోపు, దాటితే కూలి మీద పది శాతం అదనం. పది మైళ్ల నియమం చదివిన రోజు ఈ ఐదు కిలోమీటర్ల విలువ నాకు అర్థమైంది.

కానీ 2023 నుంచి పని చోట రోజుకు రెండుసార్లు ఫోటో తీసి యాప్‌లో ఎక్కించాలన్నారు. గుట్ట వెనక సిగ్నల్ ఉండదు. రెండో ఫోటో ఎక్కకపోతే ఆ రోజు హాజరు లేదు. గుంత కళ్లముందే ఉంటుంది, టేపు పెడితే లోతు సరిగ్గా ఉంటుంది, కూలి మాత్రం పడదు. ఒకే గుంతకు రెండు సాక్ష్యాలుంటే టేపు మాటే చెల్లాలని నేను మీటింగుల్లో అడుగుతూ వచ్చాను, కాగితం మీద రాసీ ఇచ్చాను.