తాతగారి త్రైరాశికం, అమ్మాయి ఆల్జీబ్రా

ఈ వారం కాసేపు లెక్కల ముచ్చట్లు చెప్పుకుందాం. భయపడకండి, చివర్లో పరీక్షేమీ లేదు!

మొన్న ఎనిమిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి హోంవర్కు పట్టుకుని వచ్చింది. "నాన్నా, వై = 3ఎక్స్ + 4 డైరెక్ట్ వేరియేషనేనా?" అని అడిగింది. గ్రాఫు గీస్తే సరళరేఖ వస్తుంది, ఎక్స్ పెరిగితే వై కూడా పెరుగుతుంది. "అవునమ్మా" అనేశాను. మర్నాడు ఆ లెక్క తప్పని తిరిగొచ్చింది. ఎందుకు తప్పో మా తాతగారు నేర్పిన త్రైరాశికం గుర్తుకొచ్చాక గానీ నాకు తెలిసిరాలేదు.

మన చిన్నప్పుడు అనులోమానుపాతం అని చదువుకున్నదే ఈ డైరెక్ట్ వేరియేషన్. దాని పాత పేరు త్రైరాశికం, అంటే మూడు రాశుల లెక్క. క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయంలోనే ఈ సూత్రం ఉంది. తెలిసిన పరిమాణం ప్రమాణం, దానికి వచ్చేది ఫలం, మనం అడిగేది ఇచ్ఛ. ఫలాన్ని ఇచ్ఛతో గుణించి ప్రమాణంతో భాగించాలి. 3 పౌండ్ల కందిపప్పు 6 డాలర్లయితే 5 పౌండ్లెంత? ఆరైదులు ముప్ఫై, మూడుతో భాగిస్తే పది డాలర్లు. 628లో బ్రహ్మగుప్తుడు, ప్రమాణమూ ఇచ్ఛా ఒకే జాతివి కావాలన్నాడు. 9వ శతాబ్దిలో మహావీరాచార్యుడు తన గణితసారసంగ్రహంలో దీన్ని విస్తరించాడు. ఆ గ్రంథాన్నే మన పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. మనకు దొరికిన తొలి తెలుగు గణిత గ్రంథం అదేనంటారు.

1150లో లీలావతి రాసిన భాస్కరాచార్యుడు, జగమంతా విష్ణువు నిండినట్టు లెక్కలన్నిటా త్రైరాశికమే నిండి ఉందన్నాడు. అయినా కళ్ళు మూసుకుని వాడమనలేదు. పశువుకు వయసు పెరిగితే ధర తగ్గుతుంది కదా, అలాంటిచోట వ్యస్త త్రైరాశికం వాడమన్నాడు. అదే మన విలోమానుపాతం. సూత్రం కంటే ముందు సంబంధం చూడాలన్నమాట.

నేను చూడనిది అదే. 1637లో ఫ్రాన్సుకు చెందిన డెకార్ట్ బీజగణితాన్నీ జ్యామితినీ కలిపాడు. ఆ దారిలోనే ఈనాటి గ్రాఫు వచ్చింది, త్రైరాశికం వై = కెఎక్స్ అయింది. పప్పు లెక్కలో కె విలువ 2. పప్పు కొనకపోతే డబ్బు అక్కర్లేదు కాబట్టి ఆ గీత మూలబిందువు గుండా పోతుంది.

మరి టాక్సీ? ఎక్కగానే 4 డాలర్లు, ఆపైన మైలుకు 3 అనుకోండి. అదే మా అమ్మాయి సమీకరణం. రెండు మైళ్ళకు 10 డాలర్లు. త్రైరాశికం ప్రకారం నాలుగు మైళ్ళకు 20 కావాలి, కానీ అయ్యేది 16. గీత సరళరేఖే, కాని మూలబిందువు గుండా పోదు. సెల్సియస్‌ను ఫారన్‌హీట్‌గా మార్చే లెక్కా అంతే. 20 డిగ్రీలు 68, 40 డిగ్రీలు 104. రెట్టింపు కాదు, 32 అడ్డం పడింది.

కనుక పిల్లలు అడిగితే ఇలా చెప్పండి. సమీకరణాన్ని వైకి సరిచేసి రాయాలి. అది వై = కెఎక్స్ రూపంలోకి వచ్చి, ఎక్స్ పక్కన విడి సంఖ్య ఏదీ మిగలకపోతే అది అనులోమానుపాతం. ఉదాహరణకు 4ఎక్స్ − 2వై = 0 అంటే వై = 2ఎక్స్, కాబట్టి అవును. పట్టిక ఇస్తే ప్రతి వైని దాని ఎక్స్‌తో భాగించి చూడాలి, అన్నిటికీ ఒకే విలువ రావాలి.

ఆ సాయంత్రం తప్పు ఒప్పుకుని, ప్రమాణం, ఫలం, ఇచ్ఛ అంటే ఏమిటో మా అమ్మాయికి చెప్పాను. "తాతగారికి ఆల్జీబ్రా వచ్చా?" అంది. ఆ మాట ఆయనకు తెలియదమ్మా, లెక్క మాత్రం తెలుసు అన్నాను. సెలవు.