చుక్కాని నుండి జలఫలకము వఱకు

మన వృత్తిచరిత్రమును గూర్చి యొక వ్యాసము వ్రాయుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. వంశములు, బిరుదములు, శాసనములు పూర్వసంచికలలో పెద్దలచే చర్చింపబడియే యున్నవి. కావున నేను చిన్న విషయము నొకదానిని గైకొంటిని. నేడు మన యువకులు కొనుచున్న మోటారు పడవ వడిగా పోవునపుడు చెప్పినట్లు వినుచు, రేవు చేరబోవు వేళ మెల్లగా నడపినచో మాట విననిదేల? దాని వెనుక బిగించుకొమ్మని అంగళ్లలో అమ్ముచున్న రేకులు నిజముగా నేమి మేలు చేయును?

మా తాతగారు ధవళేశ్వరపు ఆనకట్ట క్రింది కాలువలలో పడవ నడిపి బ్రదికినవారు. 1847 మొదలు 1852 వఱకు కాటన్ దొర కట్టించిన యా ఆనకట్ట మూలమున త్రవ్వబడిన కాలువలు పొలములకు నీటినే గాక పడవలకు బాటను గూడ నొసగినవి. నేనో, పడవ విడిచి సంస్కృతపాఠశాల చేరితిని. మన పడవవారి భాషలో అమరమనగా నావ వెనుకభాగము. అమరము వల్లించితినేగాని అమరమున కూర్చుండలేదని తాతగారు నన్ను పరిహసించుచుండెడివారు. ఆ అమరకోశమునందే, వారివర్గములో, క్షేపణి, అరిత్రము, కేనిపాతకము మున్నగు తెడ్ల పేర్లు గలవు, కర్ణధారుడును గలడు. కర్ణమనగా చెవి, చుక్కాని యనియు నర్థము. పడవ చెవి పట్టి నడుపువాడు కర్ణధారుడు. బడిపంతులకు ఈ విద్య బొత్తిగా తెలియనిది కాదు.

శాతవాహనుల నాణెములపై రెండు కొయ్యల యోడ బొమ్మ కలదు. ఆ కాలపు టోడలను నడిపినది వెనుక ప్రక్కలనుండి నీటిలోనికి దించిన వెడల్పు తెడ్లు. వెనుక నడిమిని బిగించిన చుక్కాని మొదట చీనాదేశమున కనబడుచున్నది. క్రీస్తుశకము మొదటి శతాబ్దికి చెందిన మట్టిబొమ్మ పడవ యొకటి కాంటను నగరప్రాంతమున దొరకినది. ఐరోపాలో నట్టి చుక్కాని 1180 ప్రాంతమున చెక్కిన విన్‌చెస్టరు చర్చి శిల్పమున గానవచ్చును. తెడ్డైనను చుక్కాని యైనను సూత్ర మొక్కటియే: నీరు పలకను ఒరసికొని పోవలెను, అప్పుడు పలకను త్రిప్పినచో నీరు దానిని త్రోయును, పడవ వెనుకభాగము జరుగును.

తాతగారు దీనిని ఒక్క మాటలో చెప్పెడివారు: "నీళ్లతో సమంగా పోయే పడవకు చుక్కాని ఉన్నా లేనట్టేరా!" వరదనీటిలో దిగువకు పోవునపుడు పడవను ప్రవాహముకంటె వడిగా తోయవలెను, లేదా ఏదేని బరువును అడుగున ఈడ్చుచు ప్రవాహముకంటె మందముగా పోనీయవలెను, రెండును కానిచో పడవ త్రాడు తెగిన గాలిపటమే. గణితజ్ఞులు దీనినే మఱియొక రీతిని చెప్పుదురు: పలకపై నీటి ఒత్తిడి వేగము యొక్క వర్గమును అనుసరించి యుండును. వేగము సగమైనచో బలము నాల్గవవంతునకు దిగును. మెల్లగా పోవు పడవ మాట వినకుండుటకు మూలకారణ మిదియే.

ఇక మోటారు కథ. అమెరికాలో కామెరాన్ వాటర్మన్ అనునతడు పడవ వెనుక తగిలించు యంత్రమునకు 1907లో పేటెంటు పొందెను. 1909లో మిల్వాకీ నగరమున ఓలె ఎవిన్రూడ్ అను నార్వే సంజాతుడు ఒకటిన్నర అశ్వబలము గల యంత్రమును విక్రయింప మొదలిడెను. దాని బరువు సుమారు 62 పౌనులు. ఒక్కడు మోసికొని పోవచ్చును. అవుట్‌బోర్డు మోటారు లోకమున వ్యాపించుట కితడే ముఖ్యకారకుడు. ఆ యంత్రముతో పడవకు చుక్కాని అక్కఱ లేకపోయెను. పంకాయే ప్రక్కకు తిరుగును గదా! అది త్రోసిన వైపునకు వ్యతిరేకముగా పడవ వెనుకభాగము పోవును.

ఇది గొప్ప లాభమే. కాని లాభముతోపాటు నష్టమును వచ్చినది. పంకా బలముగా తిరుగునంతసేపే మోటారు చుక్కాని పని చేయును. ఇంజను వేగము తగ్గించినచో త్రోపు తగ్గును; గేరు విడిచినచో నీటిలో మిగులునది సన్నని కాలు మాత్రమే. అడుగు చదునై, వెన్నుపలక లేని ఫైబరు పడవ అపుడు గాలికి తల త్రిప్పును. నడుపువాడు కుడికి లాగును. పడవ ఒక క్షణ మాలసించి, పిదప కావలసిన దానికంటె నెక్కువ తిరుగును. వాడు ఎడమకు లాగును. పడవ పామువలె పోవును. రేవులో మెట్లపై స్త్రీలు, పిల్లలు నిలిచియుండగా నిది హాస్యాస్పదమైన సంగతి కాదు. మా మేనల్లుని పడవ ఇట్లే రాతిమెట్టుకు తగిలి అణియము పగిలినది. మెట్టుపై నున్న బాలుడు వెనుకకు దుమికెను గనుక కాలు దక్కినది.

రేకుల సంగతికి వత్తము. మోటారు కాలికి పంకాపైన అడ్డముగా నుండు పలకను జనులు కేవిటేషను ప్లేటు అందురు. ఇది తప్పుపేరు. నీటిలో ఒత్తిడి మిక్కిలి తగ్గి నీరే ఆవిరిబుడగలగుట కేవిటేషను. పార్సన్సు దొర 1894లో నిర్మించిన టర్బీనియా నౌకను మొదట పీడించినది ఈ దోషమే. మూడు ఇరుసులకు తొమ్మిది పంకాలు బిగించి అతడు దానిని గెలిచెను. మన పలక ఆపునది వేఱు: పైనుండి గాలి పంకాలోనికి చొరబడి, పంకా పట్టు తప్పి వట్టిగా గిఱ్ఱున తిరుగుట. ఈ పలక ఇంచుమించుగా పడవ అడుగు మట్టమున నుండవలెను. పేరు తప్పైనను పని మంచిది.

ఈ పలకకే ఇరువైపుల రెక్కలవలె బిగించు స్టెబిలైజరు రేకుకు పూర్వీకులు గలవు. ఇటలీవాడు ఫోర్లానినీ 1906లో మజోరే సరస్సుపై నీటిరెక్కల పడవను నడిపెను. గ్రాహం బెల్లు, బాల్డ్విను కలిసి చేసిన హెచ్.డి. 4 అను పడవ 1919లో కెనడాలో గంటకు 70 మైళ్లు దాటెను. నీటిలో రెక్క వేగముగా పోయినచో పైకి లేచును. మోటారు రెక్కయు అట్లే పడవ వెనుకభాగము నెత్తును. తత్ఫలితముగా అణియము మింటికి లేవక, పడవ కొంత తక్కువ వేగముననే నీటిపైకెక్కి జాఱుటకు మొదలిడును, వేగము తగ్గినను చప్పున క్రుంగదు. ఇది మెచ్చదగిన గుణమే.

కాని అంగడివాడు "మెల్లని వేగమున పడవ నిలకడ" యని చెప్పునపుడు ఏ మెల్లదనమని అడుగవలెను. నీటిపై జాఱు పడవ కొంత మందగించుట వేఱు. రేవులోనికి నడకవేగమున వచ్చుట వేఱు. నడకవేగమున అడ్డరెక్కపై నెత్తుడుబలము అత్యల్పము. అదియు పైకి, ప్రక్కకు కాదు. ప్రక్కకు త్రోయవలసినచో పలక నిలువుగా నుండవలెను. అనగా చుక్కాని వలెను! అట్టి వస్తువు నేడు దొరకుచున్నది: పంకా వెనుక, అడ్డపలక క్రిందుగా, నిలువున వ్రేలాడు రేకులు. పంకా త్రోసిన నీరు వీనిని ఒరసికొని పోవును గాన ఇంజను మందముగా తిరిగినను ఇవి పని చేయును. గేరు విడిచిన పిదపను పడవకు కొంత వేగము మిగిలియున్నంతవఱకు అంతో యింతో వినును. నూఱేండ్ల క్రిందట మనము పారవైచిన చుక్కాని మోటారు కాలిని పట్టుకొని తిరిగి వచ్చినదన్నమాట.

మేనల్లుడు మొదట కొన్నది అడ్డరెక్క. దానికై పలకకు నాలుగు రంధ్రములు వేసిరి. అవి మఱల పూడునవి కావు. పరుగులో పడవ ముక్కు దిగినది, రేవులో పాము పామే. పిదప నిలువురేకులు బిగించిరి. తెల్లవాఱుజామున గాలి లేనప్పుడు నన్ను గూడ ఎక్కించుకొని పరీక్షించిరి. లాకు గోడలనడుమ పడవ తిన్నగా పోయినది. గోడను చేతితో త్రోయవలసిన పని లేకపోయెను. వెనుకకు నడపునపుడు మాత్రము అమరము ప్రక్కకు లాగుట మానలేదు. ఆ గుణము పంకాది. గుఱ్ఱపుడెక్క తీగ దట్టముగా నున్న చోట రేకులకు చుట్టుకొనుచున్నది. లోతు తక్కువైన మేటలపై మోటారు ఎత్తక తప్పదు. మిక్కిలి వడిగా పోవువారు పైకి మడచుకొను కీలు గల రేకులను తీసికొనుట మేలు. నీటి దెబ్బకు బిగింపులు వదలును. మేనల్లు డిప్పుడు ప్రతి సోమవారము మరలు బిగించి చూచుచున్నాడు.