శాశ్వతమనే మాటకు అర్థం ఎవరు చెప్పాలి?

మన శాసనాలలో దానభూమిని గురించి చెప్పేటప్పుడు "ఆచంద్రార్కం" అనే మాట తరచు కనిపిస్తుంది. చంద్రుడూ సూర్యుడూ ఉన్నంతకాలం ఆ దానం చెల్లాలని అర్థం. ఇచ్చిన రాజులు పోయారు, పుచ్చుకున్నవారి హక్కులూ పోయాయి. సూర్యచంద్రులు మాత్రం ఉన్నారు. తెలుగు పాఠం చెప్పుకునే నాబోటివాడికి అమెరికాలోని సాంటా మోనికా విమానాశ్రయపు ఒప్పందాల చరిత్ర చదివితే ఆ మాటే జ్ఞాపకం వస్తుంది. భూమి పత్రాలలో కాలాన్ని చెప్పే మాటలకు అర్థం నిఘంటువు నిర్ణయించదనీ, బలాబలాలే నిర్ణయిస్తాయనీ ఈ చరిత్ర రుజువు చేస్తుంది.

సాంటా మోనికా లాస్ ఏంజిలిస్ ప్రక్కన, పసిఫిక్ తీరాన ఉన్న నగరం. 1926లో పౌరులు వోటు వేసి, బాండ్లకు ఆమోదమిచ్చి, క్లోవర్ ఫీల్డ్ మైదానాన్ని నగరపు ఆస్తిగా చేసుకున్నారు. డగ్లస్ కంపెనీ అక్కడ విమానాలు తయారుచేసింది, డి.సి.-3 1935లో మొదటిసారి ఎగిరింది అక్కడినుంచే. 1941లో యుద్ధావసరాలకోసం నగరం ఆ భూమిని ఫెడరల్ ప్రభుత్వానికి కౌలుకిచ్చింది. వేలాది స్త్రీపురుషులు డగ్లస్ ఫ్యాక్టరీలో పనిచేశారు. వారికోసం మైదానం చుట్టూ ఇళ్ళు లేచాయి.

యుద్ధం ముగిశాక, 1948లో, ప్రభుత్వం ఒక బదలాయింపు పత్రం ద్వారా తన కౌలుహక్కును తిరిగి నగరానికి ఇచ్చింది. కాని ఊరికే ఇవ్వలేదు. ఆ స్థలాన్ని విమానాశ్రయంగానే వాడాలని షరతు పెట్టింది. ఆ షరతు శాశ్వతమని తరువాతి కాలంలో ఫెడరల్ విమానయాన సంస్థ వాదించింది. నగరం అడిగిన ప్రశ్న సూటియైనది: భూమి మాది, కౌలుదారు వెళ్ళిపోతూ యజమానికి శాశ్వతమైన షరతు పెట్టగలడా?

1970లలో డగ్లస్ ఫ్యాక్టరీ వెళ్ళిపోయింది. జెట్ విమానాలు మిగిలాయి. ఫ్యాక్టరీ కార్మికులకోసం కట్టిన ఇళ్ళలో ఉన్నవారికి ఇప్పుడు దక్కింది జెట్ల రొద, సీసం కలిసిన పెట్రోలు పొగ. నగరం జెట్లను నిషేధిస్తే కోర్టు కొట్టివేసింది. 1981లో నగర కౌన్సిల్ విమానాశ్రయాన్ని మూసివేయాలని తీర్మానించింది. చివరకు 1984లో రాజీ కుదిరింది: 2015 జూలై 1 వరకు విమానాశ్రయం నడవాలి. "శాశ్వతం" అనే మాట అంతటితో 31 ఏళ్ళకు కుదించుకుపోయిందని పౌరులు నమ్మారు.

కాని 2003లో నగరం సుమారు 2,40,000 డాలర్ల ఫెడరల్ గ్రాంటు సవరణను అంగీకరించింది. దానివల్ల బాధ్యత 2023 వరకు సాగిందని ఫెడరల్ సంస్థ తేల్చింది. లెక్క వేస్తే, నగరపు భూమి మీద నగరానికున్న స్వేచ్ఛ ఏడాదికి 30,000 డాలర్ల చొప్పున అమ్ముడుపోయిందన్నమాట!

2014లో పౌరులు వోటు ద్వారా మరొక మాట చెప్పారు: విమానాశ్రయం మూతపడితే, ఆ స్థలంలో ఉద్యానాలూ బహిరంగ స్థలాలూ తప్ప మరేవి కట్టాలన్నా మళ్ళీ ప్రజల వోటు కావాలి. 2017లో కోర్టు ద్వారా కొత్త రాజీ కుదిరింది. రన్‌వే 4,973 అడుగులనుంచి 3,500 అడుగులకు తగ్గింది. 2028 డిసెంబరు 31 తరువాత విమానాశ్రయాన్ని మూసుకునే హక్కు నగరానికి వచ్చింది. ఇది విజయమని కొందరన్నారు. మరో పదకొండేళ్ళ నిరీక్షణ అని కొందరు నిరసించారు.

ఫెడరల్ వాదానికి బలం లేకపోలేదు. విమానాశ్రయాలు ఒక గొలుసు. ప్రతి నగరమూ తన లంకె తాను ఊడదీసుకుంటే గొలుసు నిలవదు. అయితే ఆ గొలుసు బరువు ఎవరి ఇంటికప్పు మీద పడుతున్నదో అడగకుండా దేశప్రయోజనం గురించి మాట్లాడటం న్యాయం కాదు.

ఆ 227 ఎకరాలు ఖాళీ అయ్యాక ఉద్యానమే కావాలా, సామాన్యులకు ఇళ్ళు కూడా కావాలా అనే వివాదం మిగిలే ఉన్నది. ప్రజలు గెలుచుకున్నది ఈ వివాదాన్ని తామే పరిష్కరించుకునే హక్కు. తాము వ్రాయబోయే పత్రంలోనైనా "శాశ్వతం" అనే మాటను వారు జాగ్రత్తగా వాడాలి. రేపటివారికీ వోటు ఉంటుంది.