కోరింగ మడ అడవులు: విహారానికి నెలవు, తీరానికి రక్ష

కాకినాడ–యానాం రహదారికి చేరువలో, గౌతమీ గోదావరి సాగర సంగమ ప్రాంతాన కోరింగ వన్యప్రాణి అభయారణ్యం కలదు. దీని విస్తీర్ణం 235.70 చదరపు కిలోమీటర్లు. ప్రభుత్వం 1978లో దీనిని అభయారణ్యంగా ప్రకటించింది. పూర్వపు తూర్పు గోదావరి జిల్లాలోని ఈ ప్రాంతం 2022 పునర్విభజనతో ప్రధానంగా కాకినాడ జిల్లా పరిధిలోకి వచ్చింది.

మడచెట్ల నడుమ నిర్మించిన చెక్కబాటపై నడుస్తూ సందర్శకులు నీటిపక్షులను, పీతలను తిలకించవచ్చు. బావురుపిల్లులకు, నీటికుక్కలకు కూడా ఇది ఆవాసం.

1839 నవంబరు తుపానులో సముద్రపు ఉప్పెన కోరింగ రేవుపట్టణాన్ని ధ్వంసం చేసింది. అట్టి ఉప్పెనల ఉద్ధృతిని మడచెట్లు కొంతమేర తగ్గించగలవు. బురదపైకి మొలిచే శ్వాసవేళ్లే వీటికి గాలినందిస్తాయి. అవి తొక్కిడికి విరిగినా, ప్లాస్టిక్ వ్యర్థాల కింద కప్పబడినా చెట్టుకు హాని కలుగుతుంది. కావున సందర్శకులు బాట దిగకుండుట, వ్యర్థాలను వెంట తీసుకుపోవుట అవసరం.