కౌమారంలో ద్విలైంగిక గుర్తింపు: పరిశోధనల చరిత్ర

ఆడవారి పట్లా, మగవారి పట్లా ఆకర్షణ కలగడం ద్విలైంగికత. కర్నూలు జిల్లా పెద్దకడుబూరు పిల్లలకు ఈ మాటకు దగ్గరిది సైన్సు పాఠంలో ఎదురవుతుంది: ద్విలింగ పుష్పం. ఊరి చుట్టూ చేలల్లో పూసే పత్తి పువ్వు అలాంటిదే. కేసరాలు, అండాశయం ఒకే పువ్వులో ఉంటాయి. పువ్వుకు వాడే మాట అవయవాల సంగతి చెబుతుంది, మనిషి ఇష్టం సంగతి చెప్పదు. ఈ తేడా తెలియకపోతే అపార్థాలు పుడతాయి.

ఆ ఇష్టాన్ని కొలిచే ప్రయత్నాల్లో పేరొందినది అమెరికా పరిశోధకుడు ఆల్ఫ్రెడ్ కిన్సీది; ఆయన 1948లో పురుషుల, 1953లో స్త్రీల లైంగిక ప్రవర్తనపై గ్రంథాలు వెలువరించాడు. 0 నుంచి 6 దాకా ఉన్న ఆయన కొలబద్ద అనుభవాన్నీ ఆకర్షణనూ కొలిచింది. ఎవరు తమను ఏమని చెప్పుకుంటారో అడగలేదు. 1979లో మనస్తత్వవేత్త వివియన్ కాస్ స్వలింగ గుర్తింపు ఏర్పడే తీరును ఆరు మెట్లుగా వివరించింది. అలాంటి నమూనాల నీడలో ద్విలైంగికతను వయసు పొంగుగా తీసిపారేయడం మామూలైంది. మనస్తత్వవేత్త లీసా డైమండ్ ఆ నమ్మకాన్ని గట్టిగా దెబ్బతీసింది. లెస్బియన్లమనో ద్విలైంగికులమనో చెప్పుకున్న, లేదా ఏ పేరూ పెట్టుకోని 18–25 ఏళ్ల 79 మంది యువతులను పదేళ్లపాటు పదేపదే కలిసి మాట్లాడి, 2008లో ఫలితాలు ప్రకటించింది: చెప్పుకునే పేరు మారవచ్చు, ఆడ, మగ ఇద్దరి పట్లా ఆకర్షణ మాత్రం చాలామందిలో నిలిచే ఉంది. 2015 అమెరికా హైస్కూలు సర్వేలో 6 శాతం పిల్లలు ద్విలైంగికులమన్నారు; స్వలింగ ఆకర్షణ గలవారమన్నది 2 శాతమే.

తెలుగునాట ఈ విషయం హెచ్‌ఐవీ పరిశోధనల వెంట వచ్చింది. లలిత్ దండోనా బృందం 2005లో ప్రచురించిన ఆంధ్రప్రదేశ్ అధ్యయనంలో, పురుషులతో సంబంధాలున్న పురుషుల్లో పెళ్లయినవారు కూడా గణనీయంగా ఉన్నారని తేలింది. అదే ఏడు వచ్చిన గాయత్రీ రెడ్డి గ్రంథం హైదరాబాద్ హిజ్రాల, కోతీల (స్త్రీల తీరులో మెలిగే పురుషుల) జీవితాన్ని చిత్రించింది. రెండూ విలువైనవే. అయితే వ్యాధి భయంతో మొదలైన లెక్క మగవారి చేతలనే చూసింది. ఆడపిల్లల మనసు దాని పరిధిలోకి రాలేదు.

2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు తీర్పుతో పెద్దల పరస్పర సమ్మతి స్వలింగ సంబంధాలు నేరం కాకుండా పోయాయి. అయినా పద్దెనిమిదేళ్లలోపు వారిపై పరిశోధనకు మరో చిక్కు మిగిలింది: భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం పిల్లల ఒప్పుదలతోపాటు సాధారణంగా తల్లిదండ్రుల అనుమతీ కావాలి. అమ్మానాన్నలకు తెలియకూడదని దాచుకున్న మాటకు వారి సంతకమే తేవాలన్నమాట. పైగా పెద్దకడుబూరు చుట్టుపక్కల ఆదోని, ఎమ్మిగనూరు పల్లెల్లో చాలా కుటుంబాలు ఏటా ఇంటిల్లిపాదీ సుగ్గికి, అంటే కూలి కోసం వలస, పోతాయి. బడి రిజిస్టరు చూసి పిల్లల్ని ఎంచుకునే సర్వేకు గుంటూరు మిరప చేలో కాయలు కోసే పదిహేనేళ్ల పిల్ల దొరకదు.