నాలుగు కోట్ల దగ్గర ఆగిపోయిన 911

అమెరికా, వాషింగ్టన్ రాష్ట్రం. 2014 ఏప్రిల్ 9 అర్ధరాత్రి దాటాక, ఓ ఇంట్లోకి చొరబడాలని ఎవడో ఆగంతకుడు ప్రయత్నిస్తున్నాడు. లోపల ఉన్నామె 911 నొక్కింది. కలవలేదు. మళ్ళీ నొక్కింది. అలా 37 సార్లు. ఇక లాభం లేదని వంటింటి కత్తి చేతిలోకి తీసుకుంది. అదృష్టం బాగుండి వాడు పారిపోయాడు.

మనకు 100, 101, 108 కలిపితే ఎంతో, అక్కడివాళ్ళకు 911 ఒక్కటే అంత. గాలివాన లేదు, భూకంపం లేదు, ఎక్కడా కేబుల్ తెగలేదు. అయినా నంబరు పలకలేదు.

పక్క వీధిలోని పోలీసును పిలవాలన్నా ఆ కాల్ నేరుగా వెళ్ళదు. అప్పట్లో వాషింగ్టన్‌లో ముందు సెంచురీలింక్ అనే టెలిఫోన్ కంపెనీ దాన్ని అందుకునేది. అందుకుని ఇంట్రాడో అనే కాంట్రాక్టరుకు అప్పగించేది. ఇంట్రాడో యంత్రాలు పదిహేను వందల కిలోమీటర్లకు పైగా దూరంలో, కొలరాడోలోని ఎంగిల్‌వుడ్‌లో ఉండేవి. పిలిచినవాళ్ళు ఎక్కడున్నారో చూసి, ఆ ప్రాంతపు ఎమర్జెన్సీ కాల్ సెంటర్ ఏదో తేల్చి, కాల్‌కు ఒక వరస సంఖ్య ఇచ్చి, ట్రంక్ లైన్ (కాల్ సెంటర్‌కు కలిపే లైన్) కేటాయించి వెనక్కి పంపేది అవే. ఇదంతా రెప్పపాటులో జరిగిపోయేది కాబట్టి జనానికి పట్టేది కాదు.

ఆ వరస సంఖ్యలు ఇచ్చే కౌంటర్‌కు సాఫ్ట్‌వేర్‌లో ఒక హద్దు పెట్టారు: 4 కోట్లు. పెట్టిన రోజున అది అందనంత దూరంలో కనిపించి ఉంటుంది. పసిఫిక్ కాలమానం ప్రకారం ఆ రాత్రి 11:54కి కౌంటర్ ఆ హద్దును తాకింది. ఆ తర్వాత వచ్చిన కాల్‌కు సంఖ్య లేదు. సంఖ్య లేదు కాబట్టి ట్రంక్ లేదు. ట్రంక్ లేదు కాబట్టి కాల్ అక్కడే చచ్చిపోయింది.

ఇలాంటి రోజు కోసమే ఫ్లోరిడాలోని మయామీలో మరో కేంద్రం సిద్ధంగా ఉంది. కాల్స్‌ను అటు మళ్ళిస్తే సరిపోయేది. కానీ మళ్ళించాలంటే ముందు ఏదో చెడిందని తెలియాలి కదా! ఎంగిల్‌వుడ్‌లో ఆ కౌంటర్‌తో పనిలేని కొన్ని కాల్స్ మామూలుగానే పోతున్నాయి. యంత్రం హెచ్చరికలైతే ఇచ్చింది, కానీ వాటిని తక్కువ స్థాయి రకంలో వేసి ఉంచారు. దాంతో ఎవరూ పట్టించుకోలేదు. దీనికి తోడు అదే రాత్రి పక్క రాష్ట్రం ఒరెగాన్‌లోనూ 911కు అంతరాయం వచ్చింది. దానికీ దీనికీ సంబంధమే లేదు. రెండూ ఒకటేననుకుని ఇంజనీర్లు కొంత పొద్దు అటే పోగొట్టుకున్నారు.

తెల్లవారి ఆరు గంటల ప్రాంతంలో కాల్స్‌ను మయామీకి మళ్ళించారు. అప్పటికి వాషింగ్టన్ సహా 7 రాష్ట్రాల్లో 81 కాల్ సెంటర్లకు అందాల్సిన కాల్స్ 6,600కు పైగా గల్లంతయ్యాయి. ఆ కేంద్రాల పరిధిలో ఉన్న జనం కోటీ పది లక్షలు. కాల్ సెంటర్లలో కూర్చున్నవాళ్ళకు మాత్రం ఆ రాత్రి ప్రశాంతంగానే గడుస్తున్నట్టు అనిపించి ఉండాలి. ఫోన్ మోగకపోతే ఆపద లేదనే కదా అర్థం!

నా దృష్టిలో అసలు లోపం ఆ 4 కోట్ల అంకె కాదు. అలాంటి అంకెలు చాలా సాఫ్ట్‌వేర్లలో ఉంటాయి. టెలిఫోన్ కంపెనీ కాంట్రాక్టరుకు అప్పగించింది, కాంట్రాక్టరు యంత్రానికి వదిలేశాడు. పంపిన కాల్ అవతల చేరిందా లేదా అని కాచుకుని చూసే మనిషి ఈ వరసలో ఎక్కడా లేడు.

అమెరికా టెలికాం నియంత్రణ సంస్థ ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ అదే ఏడాది అక్టోబరులో నివేదిక ఇచ్చింది. ఇది తప్పించగలిగిన అంతరాయమేనని తేల్చింది. 2015లో సెంచురీలింక్ 1.6 కోట్ల డాలర్లు, మరో టెలిఫోన్ కంపెనీ వెరైజన్ 34 లక్షలు, ఇంట్రాడో 14 లక్షలు కట్టి కేసు తెంచుకున్నాయి.