గుప్తోష్ణము - దాని కొలత



మా గుమ్మఘట్ట సీమలో వానకు కొఱత గాని యెండకు కొఱత లేదు. పగటి వేడిమిని రాత్రికి దాచవచ్చునా, దాచినది యెంత యున్నదో తెలియుట యెట్లు? ఈ ప్రశ్నకు రెండున్నర శతాబ్దముల చరిత్ర కలదు. దానిని సంగ్రహముగా విన్నవించెదను.

1761 ప్రాంతమున గ్లాస్గో విశ్వవిద్యాలయమున జోసెఫ్ బ్లాక్ అను ఆచార్యుడు రెండు గాజుపాత్రలను ఒకే గదిలో వ్రేలాడదీసెను. ఒకదానిలో మంచుగడ్డ, రెండవదానిలో అంతే తూకముగల మిక్కిలి చల్లని నీరు. అరగంటలో నీరెక్కిన డిగ్రీని అందుకొనుటకు మంచుగడ్డకు పదిన్నర గంటలు పట్టెను. మంచు కరగునంతసేపు వేడిమి లోనికి పోవుచునే యుండెను. ఉష్ణమాపకము మాత్రము కదలలేదు. అట్లు దాగిన వేడిమికే గుప్తోష్ణమని పేరు. సేరు మంచును నీరు చేయుటకు పట్టు వేడిమి, ఆ నీటిని సున్న నుండి 80 సెంటిగ్రేడు డిగ్రీలవఱకు కాచుటకు చాలును.

ఈ గుణమే వర్తకమునకు తోడ్పడెను. 1833లో ట్యూడరు అను అమెరికా వర్తకుడు బోస్టను నుండి కలకత్తాకు ఓడలో మంచుగడ్డలను పంపెను. నాలుగు మాసముల ప్రయాణమున 180 టన్నులలో సుమారు 100 టన్నులు మిగిలెను. 1842లో మదరాసు సముద్రతీరమున అతని మంచుభవనము వెలసెను. ఆ కట్టడము నేటికిని నిలిచియున్నది. అట్టి నిలువలో మంచు కొండంత యున్నను గోరంత యున్నను ఉష్ణమాపకము చూపునది సున్నయే. ఎంత మిగిలెనో తూనికయే చెప్పవలెను.

2014లో మన అనంతపురము జిల్లాలో మేఘా సంస్థ, అద్దములతో ఎండను కూర్చి ఆవిరి పుట్టించి విద్యుత్తు తీయు 50 మెగావాట్ల కర్మాగారమును నెలకొల్పెను. అందు వేడిమిని నిలువచేయు ఏర్పాటు లేకపోయెను. అట్టి నిలువకై లోకమున మైనము, లవణములు మొదలగు కరగు పదార్థములను పరీక్షించుచున్నారు. అచ్చటను బ్లాక్ కనుగొన్న చిక్కే యెదురగును: పాతిక కరగినను, ముప్పాతిక కరగినను డిగ్రీ యించుమించు ఒక్కటే. కావున శాస్త్రజ్ఞులు వేర్వేరు లోతులలో కొలత పరికరములను అమర్చి, లోనికి పోయిన వేడిమికిని వెలికి వచ్చినదానికిని జమాఖర్చు వ్రాయుచున్నారు. పెద్ద భవనములను చల్లబరచు మంచుతొట్లలో మంచు పెరిగినకొలది నీటిమట్టము పైకి లేచును. ఆ మట్టమే నిలువకు గుర్తు.

ఈ న్యాయము మనకు క్రొత్త గాదు. వేదవతిపై కట్టిన భైరవానితిప్ప జలాశయమున నీరెంత యున్నదో, చేయి ముంచి చల్లదనము చూచి యెవరును చెప్పరు. మట్టము చూచియే ఎన్ని తడులు పాఱునో లెక్క వేయుదురు. వేడిమికిని అట్టి కొలబద్దయే కావలెను. కొలత తెలియని నిలువను నమ్మి నారు పోయువాడును, దీపము పెట్టువాడును ఒక్కరీతినే నష్టపడుదురు.